వందన సమర్పణలో చోటు దక్కని కాగితం

మార్చి 21, శనివారం నాడు అమెరికాలోని మన తెలుగు సంఘం జరిపిన ఉగాది వేడుకలో నా పక్క కుర్చీలో కూర్చున్న ఒక అమ్మాయి, నాలుగు మడతలు పెట్టిన కాగితాన్ని సాయంత్రమంతా గుప్పిట్లోనే పట్టుకుని ఉంది. ఆమె భర్త వీసా స్టాంపింగు కోసం డిసెంబరులో హైదరాబాదు వెళ్లి అక్కడే చిక్కుకుపోయాడు. నాలుగేళ్ల బాబుతో ఇక్కడ ఒంటరిగా మిగిలిన ఆమెను మన సంఘంలోని నాలుగు కుటుంబాలవారు ఈ మూడు నెలలూ కనిపెట్టుకుని ఉన్నారు. బాబుకు జ్వరం వచ్చిన రాత్రి ఆసుపత్రికి తీసుకువెళ్లి తెల్లవారేదాకా కూర్చున్నవారు ఒకరైతే, మంచు పడిన ప్రతి ఉదయమూ పిలవకుండానే వచ్చి ఆమె కారు చుట్టూ మంచు ఎత్తిపోసినవారు మరొకరు. వారి పేర్లు వేదిక మీద చదివి నమస్కారం చెప్పుకోవడానికి రెండు నిమిషాలు చాలునని ఆమె వారం ముందే అడిగింది. కార్యక్రమంలో ఖాళీ లేదన్నారు. ఆ సాయంత్రం వందన సమర్పణలో ప్లాటినం దాతలతో మొదలుపెట్టి వరుసగా అందరి పేర్లూ చదవడానికి పదిహేడు నిమిషాలు పట్టింది. ఆమె కాగితాన్ని సంచిలో పెట్టుకుని, "పోనీలెండి అత్తయ్యా, పండగపూట నా బాధ ఎందుకు అందరికీ" అంది.

ఆమె చెప్పదలచుకున్నది బాధ కాదు, కృతజ్ఞత. కానీ ఆపద ఏమిటో చెప్పకుండా ఆదుకున్నవారి గురించి చెప్పడం ఎలా? అదే రోజు పంచాంగ శ్రవణాన్ని అయిదు నిమిషాల్లో ముగించమనీ, కొత్త సంవత్సరం పేరు "పరాభవ" కనుక దాని అర్థం జోలికి పోవద్దనీ పురోహితులవారికి ముందే చెప్పారని తెలిసి నాకు మరింత కష్టం కలిగింది.

గడిచిన విశ్వావసు మన ఇళ్లలో ఎలా గడిచిందో వివరించనక్కరలేదు. సెప్టెంబరు 19న, కొత్త హెచ్‌-1బి (అమెరికా ఉద్యోగ వీసా) దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము అన్న ప్రకటన వెలువడిన రాత్రి, అది ఎవరికి వర్తిస్తుందో తెలియక, ఇండియాలో పెళ్లిళ్లకు వెళ్లినవారు పెళ్లి భోజనాలు వదిలి విమానాశ్రయాలకు పరుగెత్తారు. డిసెంబరు 15 నుంచి హెచ్‌-1బి వారి, వారి భార్యాభర్తలకూ పిల్లలకూ ఇచ్చే హెచ్‌-4 వీసాల వారి సామాజిక మాధ్యమాల ఖాతాలను కూడా పరిశీలించడం మొదలయ్యాక, అప్పటికే ఖరారైన ఇంటర్వ్యూ తేదీలు నెలల తరబడి వెనక్కి పోయాయి. ఉద్యోగం పోయినవారు, మరొకటి దొరక్కపోతే దేశం విడిచి వెళ్లాల్సిన అరవై రోజుల గడువును వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు. ఆ సాయంత్రం హాలులో ఎప్పుడూ కనిపించే ముఖాలు కొన్ని కనిపించలేదు. వారు ఎందుకు రాలేదో మనకు తెలుసు, అయినా ఎవరమూ అడగలేదు.

కార్యవర్గంవారి ఇబ్బంది నాకు తెలియనిది కాదు. నేనూ రెండేళ్లు అందులో పనిచేశాను. హైస్కూలు ఆడిటోరియానికి గంటల లెక్కన అద్దె కట్టాలి, దాతలు లేకపోతే ఆ అద్దె పుట్టదు, పిల్లల నృత్యాల్లో ఒక్కటి తగ్గించినా తల్లిదండ్రులు నొచ్చుకుంటారు. పండగపూట అశుభం పలకకూడదన్నది మన పెద్దలు నేర్పినదే. మా నాయనమ్మ పండగనాడు బియ్యం నిండుకుని ఉన్నా "లేవు" అనేది కాదు, "నిండుగా ఉన్నాయి" అనేది. ఆ మాటలోని మర్యాద నాకిప్పటికీ ప్రియమైనదే. అయితే అదే పెద్దలు పంచాంగంలో ఆదాయం పక్కన వ్యయాన్నీ, రాజపూజ్యం పక్కన అవమానాన్నీ రాసి, పండగనాడే పదిమందిలో కూర్చోబెట్టి చదివి వినిపించారు. వ్యయం వినడానికి వారు భయపడలేదు.

నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. 2001 నవంబరులో మావారి ఉద్యోగం పోయింది. అప్పట్లో ఈ అరవై రోజుల గడువు కూడా లేదు. అది 2017లో వచ్చిన నిబంధన. మాకు అప్పుడు ఎనిమిది నెలల పాప. మా అపార్టుమెంటుకు రెండు వీధుల అవతల తెనాలి నుంచి వచ్చిన పెద్ద దంపతులు ఉండేవారు. ప్రతి శుక్రవారం సాయంత్రం పిన్నిగారు ఒక స్టీలు డబ్బాలో ముద్దపప్పు, మరో గిన్నెలో గోంగూర పచ్చడి పట్టుకుని వచ్చి, ఉద్యోగం మాట ఒక్కసారి కూడా ఎత్తకుండా, పాపను కాసేపు ఒళ్లో ఆడించి వెళ్లిపోయేవారు. పదకొండు శుక్రవారాలు అలా వచ్చారు. ఫిబ్రవరిలో ఒహాయోలో ఉద్యోగం దొరికి హడావుడిగా సామాను సర్దుకున్నాం. పెట్టెలు విప్పాక చూస్తే ఆ డబ్బా మాతోనే వచ్చేసింది. దాని మూత అంచున వారి ఇంటిపేరు మొదటి అక్షరం, ఆవిడ పేరు, 1978 అన్న అంకె సన్నని చుక్కలతో చెక్కి ఉన్నాయి. పెళ్లినాటి సారెలోదై ఉంటుంది.

మా ఇళ్లలో థాంక్స్ చెప్పే అలవాటు లేదు. ఇరుగింటివారు గిన్నెలో ఏదైనా పంపితే ఆ గిన్నె ఖాళీగా తిరిగి వెళ్లకూడదు, అంతే. ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేసి పంపేది మా అమ్మ. అదే మా కృతజ్ఞత అని ఇన్నాళ్లూ గర్వంగా చెప్పుకున్నాను. కానీ ఆ డబ్బాను నేను తిరిగి పంపలేదు. ఎలాగూ వెళ్లి కలుస్తాం, అప్పుడు సున్నుండలు చేసి పట్టుకెళదాం అనుకుంటూ ఏళ్లు గడిపాను. ఈలోగా పిన్నిగారు పోయారన్న కబురు వచ్చింది. మాటతో చెప్పని కృతజ్ఞత చేతలతోనూ తీరకుండా మిగిలిపోతే, ఆ అలవాటును నేనెలా సమర్థించుకోను? ఆ డబ్బాలో ఇప్పుడు కందిపప్పు పోసుకుంటున్నాను. మూత తీసిన ప్రతిసారీ ఆ చుక్కల అక్షరాలు వేలికి తగులుతాయి.

పరాభవ అన్న పేరుకు భయపడేవారికి ఒక మాట. అరవై ఏళ్ల కిందట, 1966 ఉగాదికి మొదలైనదీ పరాభవ నామ సంవత్సరమే. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కని అమృతరావుగారు నిరాహార దీక్షకు కూర్చున్నదీ, నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగి ప్రాణాలు పోయిందీ ఆ ఏడాదిలోనే. 1971 జనవరిలో ఆ కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. పేరు చూసి జడిసి ఉంటే ఆ ఏడు ఎవరూ వీధిలోకి వచ్చేవారు కాదు.

ఉగాది గురువారం వచ్చింది. ఆ ఉదయం పనిదినమైనా ఆ నాలుగు కుటుంబాలూ ఆఫీసులకు వెళ్లే ముందు ఆ అమ్మాయి ఇంటికి వచ్చి పచ్చడి కలిపి, హైదరాబాదులో ఉన్న ఆమె భర్తను వీడియోలో కూర్చోబెట్టి, బాబు చేత తండ్రికి నమస్కారం పెట్టించారట. ఇలాంటివారు మన మధ్య ఉండగా ఈ ఏడాది గురించి నాకు బెంగ లేదు. అతనికి మే నెలలో తేదీ దొరికింది. హైదరాబాదు నానక్‌రాంగూడలోని అమెరికా కాన్సులేటు ముందు నిలబడే మన పిల్లల వరుసలో ఆ రోజు అతనూ ఉంటాడు.

కార్యవర్గ సభ్యులను చేతులు జోడించి అడుగుతున్నాను. వచ్చే వేడుకలో దాతల పేర్లకు ముందు పదిహేను నిమిషాలు వదిలిపెట్టండి. ఎవరికి ఎవరి పేరు చెప్పాలని ఉంటే వారు లేచి చెప్పుకుంటారు. ఉద్యోగం పోయిన ఇంటివారు టికెట్టు కొనక్కరలేదని, కారణం అడగబోమని, ఆహ్వానపత్రంలోనే అచ్చువేయండి. అంతకంటే ముందు, ఏప్రిల్ సమావేశంలో నాకు రెండు నిమిషాలు కేటాయించండి. ఆ కాగితం ఆమె దగ్గర అడిగి తీసుకున్నాను, మడతలు విప్పి చదువుతాను.