రాని ఫలితానికీ మార్కులుండాలి

మన డిగ్రీ కళాశాలల్లో రసాయనశాస్త్రం ప్రాక్టికల్ పరీక్ష ఎలా జరుగుతుందో చదువుకున్న వారందరికీ తెలుసు. ద్రావణాన్ని చుక్కచుక్కగా కొలిచి వదిలే బ్యూరెట్ రీడింగు ఎంత రావాలో విద్యార్థికి ముందే తెలిసి ఉంటుంది, పరీక్షకుడికీ తెలిసి ఉంటుంది. రంగు కాస్త ముందుగా మారినా, నాలుగు చుక్కలు ఎక్కువ పడినా, సీనియర్ల రికార్డులో ఉన్న అంకెకు దగ్గరగా సర్ది రాసేస్తే మార్కులు పడిపోతాయి. ఏళ్ల తరబడి ఈ పద్ధతికి అలవాటుపడిన విద్యార్థి వేసవి సెలవుల్లోనో, ఇంటర్న్‌షిప్ పేరుతోనో మొదటిసారి పరిశోధనశాలలో అడుగుపెట్టినప్పుడు బిత్తరపోయేది అక్కడి ఖరీదైన యంత్రాలను చూసి కాదు. అక్కడ సరైన అంకె ఎంతో ఎవరికీ తెలియదు; చివరికి గైడ్‌కు కూడా తెలియదు.

తొలి వారాల్లో చెప్పుకోదగ్గ ఘనకార్యాలేవీ జరగవు. గాజుసామాను కడిగి ఆరబెట్టడం, తూకం యంత్రం సరిచూసుకోవడం, ద్రావణాలు కలపడంతోనే పొద్దు గడుస్తుంది. కొద్దిపాటి ద్రవాన్ని కొలిచి పీల్చే మైక్రోపిప్పెట్‌ను మొదటి ఆపు దాకా మాత్రమే నొక్కి ద్రవం పీల్చాలని చెప్పినా, కొత్త చేయి రెండో ఆపు దాకా నొక్కేస్తుంది. కావలసిన దానికన్నా ఎక్కువ ద్రవం పైకి వస్తుంది. బ్యాక్టీరియా పెరగాల్సిన పెట్రీ డిష్‌లో బూజు పెరుగుతుంది. వనామీ రొయ్యలో తెల్లమచ్చల వైరస్ ఉందో లేదో డీఎన్‌ఏను ఎన్నో రెట్లు పెంచి గుర్తించే పీసీఆర్ పరీక్షతో చూడబోతే, రొయ్య నమూనా డీఎన్‌ఏ బదులు నీళ్లు మాత్రమే కలిపిన నెగెటివ్ కంట్రోల్‌లోనూ గీత కనిపిస్తుంది. అంటే ఎక్కడో బయటి డీఎన్‌ఏ కలిసిపోయిందన్నమాట, ఆ రోజు పరీక్షించిన నమూనాల ఫలితాలన్నీ పక్కన పెట్టాల్సిందే. రొయ్యల రైతు ఆ ఫలితాన్ని నమ్మి గుంటలో రొయ్య పిల్లను వదులుతాడు కనుక, ఇక్కడ అంకె సర్దడం మార్కుల వ్యవహారం కాకుండా పోతుంది. ల్యాబ్ నోట్‌బుక్‌లో పెన్సిల్ వాడకూడదనీ, తప్పు రాస్తే చెరిపేయకుండా ఒక్క గీత కొట్టి తేదీ వేయాలనీ పెట్టిన నియమం మొదట్లో చాదస్తంగా కనిపిస్తుంది. పదిహేను రోజుల కిందట ఏ సీసాలోని బఫర్ ద్రావణం వాడామో వెతుక్కోవాల్సి వచ్చిన నాడు అది చాదస్తం కాదని ఎవరూ చెప్పనక్కర్లేకుండానే తెలుస్తుంది.

ఈ అనుభవం కోసం మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల పిల్లలు బెంగళూరుకో, హైదరాబాదుకో వెళ్లి తీరాలా అన్నది మా ప్రశ్న. మూడు జాతీయ సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే రెండు నెలల వేసవి ఫెలోషిప్ ఉంది. కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ ఉపకార వేతనంగా ఏడాదికి ఇచ్చే 80 వేల రూపాయల్లో 20 వేలు వేసవి పరిశోధనకు ఉద్దేశించినవే. మంచి పథకాలే, కాదనం. అయితే అవి ఎంపికైన కొద్దిమందికే అందుతాయి. ఉదయగిరి నుంచో, కనిగిరి నుంచో వచ్చి చదువుకునే అమ్మాయిని రెండు నెలలు పరాయి నగరంలో ఉంచడానికి ఇంట్లో ఒప్పుకోకపోతే, ఒప్పుకున్నా హాస్టల్ ఖర్చు భరించలేకపోతే, ఆమెకు పరిశోధన అన్నది పాఠ్యపుస్తకంలోని మాటగానే మిగిలిపోతుంది.

నిజానికి పరిశోధించాల్సిన ప్రశ్నలు మన గుమ్మం ముందే ఉన్నాయి. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే ఫ్లోరోసిస్‌ను మన దేశంలో వివరిస్తూ వచ్చిన తొలి వైద్య నివేదికల్లో 1937 నాటి నెల్లూరు జిల్లా నివేదిక ఒకటి. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనివి. 1970లో ప్రకాశం జిల్లా ఒంగోలు జిల్లా పేరుతో ఏర్పడినప్పుడు అందులో కలిశాయి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకూడదనీ, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 దాకా అనుమతించవచ్చనీ భారతీయ ప్రమాణం చెబుతోంది. దీనిని కొలిచే ఎలక్ట్రోడ్ పరికరం డిగ్రీ కళాశాలకు అందనంత పెద్దదేమీ కాదు. ప్రామాణిక ద్రావణాలను గాజు సీసాల్లో కాక ప్లాస్టిక్ సీసాల్లో దాచాలి, గాఢత పది రెట్లు మారితే రీడింగు 25 డిగ్రీల వద్ద సుమారు 59 మిల్లీవోల్టులు మారాలి, అలా మారకపోతే బావి నీళ్ల జోలికి వెళ్లకుండా ముందు ద్రావణాలనో, ఎలక్ట్రోడ్‌నో అనుమానించాలి. తన ఊరి బోరు నీళ్లతో ఈ పని చేసిన విద్యార్థి నేర్చుకునేది ఏ మహానగరంలో నేర్చుకునే దానికీ తీసిపోదు.

వసతులు బొత్తిగా లేవని చెప్పడానికీ వీల్లేదు. కాకుటూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం, ఒంగోలులో ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం, ముత్తుకూరులో మత్స్య కళాశాల, నెల్లూరు మసూరి వంటి వరి రకాలను ఇచ్చిన నెల్లూరు వ్యవసాయ పరిశోధన స్థానం ఉన్నాయి. రాష్ట్రంలో 2020-21లో డిగ్రీలో చేరిన వారి నుంచి పది నెలల ఇంటర్న్‌షిప్ కోర్సులో భాగమైంది. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు తెచ్చుకున్నవారు నాలుగో ఏడాది పరిశోధనతో కూడిన ఆనర్స్ చేయవచ్చని 2022 చివర్లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) చెప్పింది. కాగితం మీద దారి తెరిచే ఉంది. క్షేత్రంలో మాత్రం ఇంటర్న్‌షిప్ అంటే ల్యాబ్ ముఖం చూడకుండా ధ్రువపత్రం సంపాదించడమన్న భావన పాతుకుపోతోంది. పిల్లలు అడుగుతున్నారు కనుక ఇచ్చేవారు ఇస్తున్నారు, ఇస్తున్నారు కనుక కళాశాలలు తీసుకుంటున్నాయి. ఇందులో విద్యార్థిని ఒక్కడినే తప్పుపట్టడం న్యాయం కాదు.

రెండు విశ్వవిద్యాలయాలూ చేయదగిన పని ఒకటుంది. ఇంటర్న్‌షిప్ మార్కుల్లో అచ్చు వేయించి అట్ట కట్టించిన నివేదికకు ఇచ్చే వాటా తగ్గించి, రోజువారీ ల్యాబ్ నోట్‌బుక్‌కు ఇవ్వాలి. వైవాలో పరీక్షకుడు ఆ నోట్‌బుక్‌నే తెరిచి, ఏ ప్రయోగం విఫలమైందో, ఎందుకని అనుకున్నారో, తరువాత ఏం మార్చారో అడగాలి. ఫలితం రాకపోయినా ఆ మూడింటికీ సూటిగా జవాబు చెప్పగలిగిన విద్యార్థికి పూర్తి మార్కులు వేసే వెసులుబాటు నిబంధనల్లోనే రాసిపెట్టాలి. డిగ్రీ విద్యార్థులకు మార్గదర్శనం చేసే అధ్యాపకుడి శ్రమను బోధన గంటలుగా లెక్కించకపోతే, తన పీహెచ్‌డీ విద్యార్థులను వదిలి ఈ పిల్లలకు పిప్పెట్ పట్టడం నేర్పే తీరిక ఆయనకు ఉండదు. దూర మండలాల నుంచి వచ్చే వారికి బస్సు పాసు, ఆడపిల్లలకు వేసవిలోనూ తెరిచి ఉండే హాస్టల్ గది కావాలి. పెద్ద నిధులు అక్కర్లేని ఈ ఏర్పాట్లను వచ్చే విద్యాసంవత్సరం ఇంటర్న్‌షిప్ మార్గదర్శకాలు వెలువడే లోగానే పూర్తిచేయాలి.