అరబ్ తిరుగుబాట్ల గురించి చదవాలంటే 2011తో మొదలుపెట్టొద్దు

ట్యునీషియాలోని సిదీ బూజిద్‌లో తోపుడు బండి మీద పండ్లు అమ్ముకునే మొహమ్మద్ బువాజిజీ 2010 డిసెంబర్ 17న ఒంటికి నిప్పంటించుకున్నాడు, నెల తిరక్కుండానే అధ్యక్షుడు బెన్ అలీ దేశం వదిలి పారిపోయాడు, ఆ మంట ఈజిప్టుకు పాకింది, ఫేస్‌బుక్ జనాన్ని రోడ్ల మీదికి తెచ్చింది. మన దగ్గర అరబ్ దేశాల తిరుగుబాట్ల మీద వచ్చే వ్యాసాలు చాలావరకు ఇలాగే మొదలవుతాయి. ఆ తిరుగుబాట్లకు పెట్టిన పేరు ‘అరబ్ స్ప్రింగ్’ అని సెర్చ్ చేసినా ముందు వచ్చేది ఈ కథే. పీజీ ప్రాజెక్టుకో పీహెచ్‌డీకో ఈ అంశం తీసుకున్న పిల్లలు అక్కడే ఆగిపోతుంటే బాధేస్తుంది, ఎందుకంటే అసలు సరుకు అంతకుముందు సంవత్సరాల్లో ఉంది.

ఈజిప్టులో మహల్లా అల్ కుబ్రా అనే మిల్లుల పట్టణం ఉంది. అక్కడి ప్రభుత్వ బట్టల మిల్లులో అప్పట్లో 20 వేలకు పైగా కార్మికులు ఉండేవారు. ఎప్పుడూ ఇచ్చే 100 పౌండ్ల బోనస్‌కు బదులు రెండు నెలల జీతం ఇస్తామని 2006లో ప్రభుత్వం మాటిచ్చింది, తీరా డిసెంబర్ జీతాల్లో చూసుకుంటే ఆ పాత వందే. ముందు బయటికొచ్చింది కుట్టు విభాగంలోని ఆడవాళ్లు, పని ఆపని మగవాళ్లను నిలదీసి బయటికి రప్పించింది కూడా వాళ్లే. కొద్ది రోజుల్లోనే సర్కారు దిగొచ్చింది. 2008 ఏప్రిల్ 6న అదే ఊళ్లో సమ్మెకు పిలుపునిస్తే, దానికి మద్దతుగా కైరో కుర్రాళ్లు పెట్టిన ఫేస్‌బుక్ గ్రూపే తర్వాత ‘ఏప్రిల్ 6 ఉద్యమం’ అయింది. అంటే ఫేస్‌బుక్ కార్మికుల వెనకాల వచ్చింది. ట్యునీషియాలోనూ అంతే, 2008లో గఫ్సా ఫాస్ఫేట్ గనుల ప్రాంతంలో ఉద్యోగాల ఎంపికలో అన్యాయం జరిగిందని రెదెయెఫ్ పట్టణం నెలల తరబడి రగిలింది.

ఇవి ఎక్కడ దొరుకుతాయంటే, నా ఓటు ముందు మధ్యప్రాచ్యం మీద వచ్చే ఇంగ్లిష్ పత్రిక మెరిప్‌కు. 1971 నుంచి నడుస్తోంది, ఆన్‌లైన్‌లో ఉచితం, 1977 ఈజిప్టు రొట్టె అల్లర్లు, 1987లో మొదలైన పాలస్తీనా ఇంతిఫాదా (తిరుగుబాటు) లాంటివాటి మీద ఆనాటి మనుషులు ఆనాడు రాసింది చదవొచ్చు. అంకెలు కావాలంటే అరబ్ దేశాల్లో జనం అభిప్రాయాలు సేకరించే అరబ్ బారోమీటర్ సర్వేలున్నాయి, డేటా మొత్తం డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. 2011లో ఈజిప్టు, ట్యునీషియాల్లో జరిపిన సర్వేలో మీరు ఉద్యమంలో పాల్గొన్నారా, ఎందుకు పాల్గొన్నారు అని అడిగారు. పాల్గొన్నవాళ్లు ముందు చెప్పింది ఆర్థిక ఇబ్బందులు, అవినీతి. ప్రజాస్వామ్యం కోసమే జనం కదిలారని రాసేవాళ్లు ఈ డేటా ఒకసారి తెరిచి చూడాలి. కైరోలో నిరసనలకు కేంద్రమైన తహ్రీర్ స్క్వేర్‌లో పంచిన కరపత్రాలను వాలంటీర్లు సేకరించి, స్కాన్ చేసి, ఇంగ్లిష్‌లోకి అనువదించిన ‘తహ్రీర్ డాక్యుమెంట్స్’ అరబిక్ రానివాళ్లకు నిజంగా వరం.

వీడియోలకైతే 858 ఆర్కైవ్. మొసిరీన్ అనే కైరో బృందం 2018లో 858 గంటల ఫుటేజీని అందరికీ తెరిచిపెట్టింది. ఎడిట్ చేసిన డాక్యుమెంటరీ కాదు, చేతిలో కెమెరా వణుకుతున్న ముడి ఫుటేజీ, సమ్మెలు, ఆస్పత్రులు, అంత్యక్రియలు అన్నీ ఉంటాయి. ముంబైలోని పాడ్‌మా వీడియో ఆర్కైవ్‌ను నడిపే సాఫ్ట్‌వేరే దీన్నీ నడుపుతోంది.

దొరికినవి వెంటనే భద్రం చేసుకోండి. సిరియా జనం ప్రాణాలకు తెగించి యూట్యూబ్‌లో పెట్టిన వీడియోలను 2017లో ఆ సంస్థ ఆటోమేటిక్ వడపోత తీవ్రవాద కంటెంట్ కింద వేలల్లో లేపేసింది. ఇలాంటి వీడియోలను భద్రపరిచే సిరియన్ ఆర్కైవ్ వాళ్లు ముందే కాపీలు తీసి పెట్టుకోకపోతే యుద్ధ నేరాలకు సాక్ష్యమయ్యేవి ఎన్నో పోయేవి.

ఇక ప్రభుత్వ ఆర్కైవ్‌ల మీద ఆశ పెట్టుకోకండి. ఈజిప్టు అధ్యక్షుడు ముబారక్ 2011లో దిగిపోయాక విప్లవాన్ని రికార్డు చేయడానికి చరిత్రకారుడు ఖాలిద్ ఫహ్మీ సారథ్యంలో అధికారిక కమిటీ వేశారు, అది ముందుకు సాగలేదు. జాతీయ ఆర్కైవ్స్‌లో ఫైలు చూడాలంటే సెక్యూరిటీ అనుమతి కావాల్సిన దేశం అది. స్వతంత్ర కార్మిక సంఘాల మీద పరిశోధన చేస్తున్న కేంబ్రిడ్జి విద్యార్థి జూలియో రెజేనీ 2016 జనవరి 25న, విప్లవం ఐదో వార్షికోత్సవం రోజునే, కైరోలో మాయమయ్యాడు. చిత్రహింసల గుర్తులతో శవం దొరికింది. ఇక్కడి నుంచి అక్కడివాళ్లను మెసేజ్‌లలో ఇంటర్వ్యూ చేసే మన విద్యార్థులు ఇది గుర్తుంచుకోవాలి, మనం సేఫ్‌గా ఉన్నా జవాబిచ్చే మనిషి సేఫ్‌గా ఉంటాడన్న గ్యారంటీ లేదు.

మనకంటూ ఒక వనరు ఉంది, దాన్నెవరూ పెద్దగా పట్టించుకోవడం లేదు. 2011లో తిరుగుబాటు అంటుకున్న లిబియా నుంచి 15 వేలకు పైగా భారతీయులను వెనక్కి తెచ్చారు, వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. ట్రిపోలీలోనో బెన్‌ఘాజీలోనో ఆ ఫిబ్రవరిలో ఏం చూశారో వాళ్లకు గుర్తుండే ఉంటుంది. హైదరాబాద్‌లో అరబిక్ చదువుతున్న విద్యార్థులు ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి వాళ్లను అడిగితే, ఏ ఇంగ్లిష్ ఆర్కైవ్‌లోనూ లేని కూలీ మనిషి కథనం దొరుకుతుంది. వాళ్లకు వయసు మీద పడుతోంది, ఈ పని ఈ ఏడాదే మొదలుకావాలి.