నోట్లో బజ్జీ, పక్కన నాయకుడు

నాలుక ఇంకా మండుతూనే ఉంది. మంట చల్లారితే కోపం కూడా చల్లారిపోతుందేమోనని ఇప్పుడే రాసేస్తున్నాను.

నేను కర్నూలులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను. దసరా దగ్గరికొచ్చింది కదా, ఇంటికి సున్నం కొట్టుకుందామని ఆదివారం స్టడీ అవర్‌కు రాలేను, జ్వరమని మెసేజ్ పెట్టాను. గోడలు ఎలాగో అయ్యాయి. పైకప్పు దగ్గరికొచ్చేసరికి సున్నం పైకి పోనంటుంది, నా మీదికే దిగుతుంది. "అడ్డా కాడికి పోయి ఎవర్నన్నా పిల్చుకోని రాపోండి, ఇల్లంతా పాడు చేస్తాండారు" అంది మా ఆవిడ. తలకు తువ్వాలు, మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటు, భుజం నుంచి జేబు దాకా సున్నం కారిన చొక్కా. పక్క వీధికే కదా అని అలాగే బయల్దేరాను.

అడ్డాలో మేస్త్రి తొమ్మిదొందలన్నాడు. నేను ఎనిమిదొందలన్నాను. "గోడలైతే సరే సారూ, పైకప్పంటే మెడలు పట్టుకుంటాయి" అన్నాడు. గమేళా అందించడానికి పక్కనున్న పెద్దమ్మ ఆరొందలంది. నా జీతం 22,000. నెలకు 26 రోజులని లెక్కేస్తే రోజుకు 846. మెడ పట్టుకుంటే వేరే అలవెన్సు ఏమీ లేదు. బేరం మధ్యలో ఇలాంటి లెక్క గుర్తుకు రాకూడదు. వచ్చింది.

అంతలో తెల్లకార్లు వరసగా వచ్చి ఆగాయి.

ఎవరా నాయకుడు, ఏ పార్టీ అని అడగొద్దు. మీకు ఏ పార్టీ మీద కోపముంటే ఆ పార్టీ అనుకోండి, కారు రంగూ చొక్కా రంగూ అందరిదీ తెలుపే. కూలీలతో కలిసి టిఫిను తినే కార్యక్రమమట. ముందు దిగింది ఆయన కాదు, మెడలో కార్డు, చేతిలో ట్యాబ్ ఉన్న ఒక కుర్రాడు. అడ్డా అంతా కలియజూసి, "కూలీలెక్కడ?" అన్నాడు.

అడ్డా నిండా కూలీలే. వాళ్ల మధ్యలో నిలబడే అడుగుతున్నాడు.

ఆ కుర్రాడి బాధ ఏమిటంటే, వీళ్లు కూలీల్లా లేరు. మా అడ్డాకు వచ్చే మగవాళ్లు జీన్స్ ప్యాంటు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని వస్తారు. పని బట్టలు, తాపీ, సద్ది డబ్బా సంచిలో ఉంటాయి. పని చోటికి పోయాక బట్టలు మార్చుకుంటారు, సాయంత్రం కాళ్లూ చేతులూ కడుక్కుని మళ్లీ ఈ ఇస్త్రీ చొక్కాలోనే ఇల్లు చేరతారు. పిల్లలు వీధి గుమ్మంలో చూసేది ఆ చొక్కానే కదా. ఈ సంగతి ట్యాబ్‌లో ఉండదు. "అన్నా, వీళ్లు మరీ డీసెంట్‌గా ఉన్నారు, విజువల్ రాదు" అని ఫోన్‌లో ఎవరికో చెప్పుకుంటూ ఇటు తిరిగాడు. నన్ను చూశాడు.

పెళ్లిచూపుల్లో కూడా నన్నెవరూ అంత ఇష్టంగా చూడలేదు.

"ఇదిగో, ఈయన రియల్‌గా ఉన్నాడు!"

"నేను కూలీ కాదు బాబూ, లెక్చరర్ని" అన్నాను. "రెండు నిమిషాలే పెద్దాయనా, డబ్బులిప్పిస్తాంలే" అన్నాడు. "నేను పని అడగడానికి రాలేదయ్యా, పని ఇవ్వడానికొచ్చాను" అని మేస్త్రి వైపు చూశాను, సాక్ష్యం చెప్తాడని. వంద రూపాయలు తగ్గించమన్నవాడికి సాక్ష్యం ఎవరు చెప్తారు? "మావోడే సార్. కొంచెం సిగ్గెక్కువ" అన్నాడు.

ఆ తర్వాత చూసుకుంటే ఉగ్గాని బండి ముందు పరిచిన చాప మీద ఉన్నాను. పక్కన నాయకుడు. ఎదురుగా కెమెరాలు. అసలు కూలీలంతా తాడుకు అవతల.

బండి అక్క రెండు ప్లేట్లు తెచ్చి పెట్టింది. నాయకుడు ప్లేటు కేసి చూసి, మొహం నిండా నవ్వుతో "ఓ, పోహా!" అన్నాడు.

బాండ్లిలో తిరుగుతున్న గరిటె ఆగిపోయింది. కర్నూలులో ఓట్లడగొచ్చు, అడిగి గెలవొచ్చు, గెలిచాక ఐదేళ్లు కనపడకుండా పోవొచ్చు. వీటన్నిటికీ మన్నింపు ఉంది. ఉగ్గానిని పోహా అంటే లేదు. అది అటుకులు సామీ, ఇది బొరుగులు. బొరుగులను నీళ్లలో ముంచి, అరచేతుల మధ్య పిండి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, పసుపు వేసిన తాలింపులో కలిపి, దించే ముందు పప్పుల పొడి చల్లాలి. ఎక్కువసేపు నానితే ముద్ద, తక్కువైతే పొడి పొడి. బండి అక్క దీన్ని గడియారం చూడకుండా, చేతికి తగిలే మెత్తదనాన్ని బట్టి చేస్తుంది. ఈ నియోజకవర్గంలోనే పుట్టానని చెప్పుకునే మనిషికి పొద్దున పూట ఇక్కడి జనం ఏం తింటారో తెలియదు. సరే, చదువు బెంగళూరు, కాపురం హైదరాబాదు. పుట్టడం మాత్రం మా కోసం ఇక్కడ పుట్టారు.

"నీ చేత్తో తినిపించన్నా" అని కుర్రాడు సైగ చేశాడు. నాయకుడు బజ్జీ అందుకున్నాడు. అప్పుడే బాండ్లిలోంచి తీసిన బజ్జీ, జానెడు పొడుగు. తెలిసినవాడైతే తొడిమ పట్టుకుంటాడు. ఆయన నడుము పట్టుకున్నాడు. వేళ్లు కాలాయి. ఇన్ని కెమెరాల ముందు కింద పడెయ్యలేడు కదా, దగ్గర్లో ఉన్న ఖాళీ చోట పెట్టేశాడు. అది నా నోరు.

"నమలద్దు!" అని అరిచాడు ఫోటోగ్రాఫరు. "అట్లే పట్టుకో పెద్దాయనా, లైట్ చాలలేదు."

సగం బజ్జీ లోపల, సగం బయట, చివర్న తొడిమ. లోపలి సగంలోంచి ఆవిరి ముక్కులోకి పోతోంది. ఇలాంటప్పుడు మనిషికి దేవుడు గుర్తుకు రావాలి. నాకు సిలబస్ గుర్తుకొచ్చింది.

2011 సెప్టెంబరులో ప్రణాళికా సంఘం సుప్రీంకోర్టుకు అఫిడవిట్ ఇచ్చింది: పట్నంలో రోజుకు 32 రూపాయలు, పల్లెలో 26 రూపాయలు ఖర్చు పెట్టుకోగలిగితే ఆ మనిషి పేదవాడు కాదని. టెండూల్కర్ కమిటీ పద్ధతిలో గీసిన ఈ దారిద్ర్య రేఖ అంకెలు 2013 జులైలో 33 రూపాయల 33 పైసలు, 27 రూపాయల 20 పైసలు అయ్యాయి. అదే నెలలో కాంగ్రెస్ నాయకుడు రాజ్ బబ్బర్ గారు ముంబైలో 12 రూపాయలకు కడుపునిండా తినొచ్చన్నారు. అదే పార్టీకి చెందిన రషీద్ మసూద్ గారు ఢిల్లీలో 5 రూపాయలకే అన్నారు. రాజ్ బబ్బర్ గారు తర్వాత విచారం చెప్పుకున్నారనుకోండి. మన అన్న క్యాంటీన్‌లో 5 రూపాయలకే పెడుతున్నారు కదా అంటారా, పెడుతున్నారు, మిగతా ఖర్చు ఇంకొకరు మోస్తున్నారు కాబట్టి. ఈ పాఠం నేను ఏటా చెప్తాను, పిల్లలు ఏటా నవ్వుతారు. బండి అక్క ప్లేటు నలభై. 2013 అంకెను పట్టుకుంటే, ఇక్కడ ఉగ్గాని బజ్జీ తిని లేచిన ప్రతివాడూ ఆ రోజుకు దారిద్ర్య రేఖ దాటినట్టే. నేను దాటలేదు. నాకింకా నమలడానికి పర్మిషన్ రాలేదు.

"రోజుకు ఎంతొస్తుంది తమ్ముడూ?" అన్నాడు నాయకుడు, మైకు నా మీసాలకు ఆనించి.

"మ్మ్" అన్నాను.

"విన్నారు కదా, సంతృప్తిగా ఉన్నానంటున్నాడు. ఆదివారం కూడా పనికొచ్చాడు చూడండి, ఈ కమిట్‌మెంట్ మన యువతకు కావాలి. తమ్ముడూ, రోజుకు ఒక వంద పక్కన పెట్టి మ్యూచువల్ ఫండ్‌లో వేసుకో. పదేళ్లలో నువ్వే ఒక బిల్డర్."

తాడు అవతల మేస్త్రి తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. ఆ వారం అతనికి పని దొరికిందే రెండు రోజులని తర్వాత తెలిసింది.

ఇంతలో ట్యాబ్ కుర్రాడు తల అడ్డంగా ఊపాడు. "బజ్జీ వంగిపోయింది. ఫ్రేములో బాలేదు. కొత్తది పెట్టండి." పాతది లాగి, కొత్తది పెట్టారు. అదీ వేడిదే. బండి అక్క చేతి పని అంత చురుగ్గా ఉంటుందని మొదటిసారి బాధపడ్డాను.

ఈ రెండో బజ్జీ మీద ఒక లెక్క చెప్పాలి. 2025 మార్చిలో ఎంపీల నెల జీతం లక్ష నుంచి 1,24,000 చేశారు, అదీ 2023 ఏప్రిల్ నుంచి వర్తించేలా. సభ జరిగే రోజుల్లో ఇచ్చే భత్యం 2,000 నుంచి 2,500 అయింది. ధరలు పెరుగుతున్నాయి కదా పాపం. అదే మార్చిలో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి కూడా పెంచారు. 300 నుంచి 307. అప్పట్లో ఏడాదికి గ్యారంటీ వంద రోజులు. ఆ లెక్కన నాలుగేళ్ల పాటు ఒక్క రోజు కూడా పోకుండా పనిచేసిన కుటుంబానికి 1,22,800 వస్తుంది, ఎంపీగారి ఒక నెల జీతానికి ఇంకా 1,200 తక్కువ. పెరిగిన ఆ ఏడు రూపాయలకు బండి అక్క దగ్గర ఒక బజ్జీ వస్తుంది. విడిగా కొంటే ఏడే. నా నోట్లో తొడిమతో సహా ఇరుక్కున్నది సరిగ్గా ఆ పెంపే.

ఫోటోల సంగతి కూడా చెప్పాలి. పక్క అనంతపురం జిల్లా బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ వచ్చి మొదలుపెట్టిన పథకం ఈ ఉపాధి హామీ. 2023 జనవరి నుంచి రోజుకు రెండుసార్లు పని దగ్గర ఫోటో తీసి యాప్‌లో ఎక్కిస్తేనే హాజరని రూలు పెట్టారు. గమేళా పెద్దమ్మది కోసిగి వైపు. ఏటా గుంటూరు పక్కకు మిరపకాయలు తెంపను సుగ్గికి పోయే మనిషి. "పొద్దున ఫోటో ఎక్కె, మాపటిది సిగ్నల్ లేక ఎక్కకపాయె. ఇంగ ఆ దినం కూలి యాడిది నాయనా?" అంది. పనిచేసినా ఫోటో లేకపోతే ఆమెకు కూలి లేదు. ఇక్కడ ఏ పనీ చెయ్యని నాకు ఫోటో మీద ఫోటో.

ఎప్పుడు లేచారో, కార్లు ఎప్పుడు కదిలాయో తెలియదు. కళ్లు తుడుచుకుని చూసేసరికి చాప కూడా చుట్టేసుకుని పోయారు. డబ్బులిప్పిస్తానన్న కుర్రాడు లేడు. బండి అక్క మాత్రం ఉంది.

"అన్నా, లెక్క?"

"ఏం లెక్కక్కా?"

"వాళ్లు తినిండేది. ఆ పిల్లోడు నీ పక్క చూపిచ్చి పాయె, ఆయన ఇస్తాడని."

"నేనెందుకిస్తాను? పార్టీ ఆఫీసుకాడ అడుగు."

"పోహా అనినోళ్ల కాడికి నేను పోను" అంది. అందులో ఆత్మగౌరవం ఉంది, నేను కాదనలేను. నాయకుడు కెలికి వదిలేసిన ప్లేటు, నా ప్లేటు, ట్యాబ్ కుర్రాడు, ఫోటోగ్రాఫరు, మొత్తం నాలుగు ప్లేట్లు, పైన రీటేకు బజ్జీ. ఫోన్ తీసి స్కాన్ చేశాను. "నూట అరవై ఏడు రూపాయలు అందాయి" అని సౌండ్ బాక్స్ అడ్డా అంతటికీ వినపడేలా చాటింది. మైకు లేకుండానే.

అప్పటికి పది దాటింది. పని ఇచ్చేవాళ్లెవరైనా తొమ్మిదిలోపే వస్తారు. ఆ పొద్దున కార్లూ తాడూ చూసి రోడ్డు అవతల నుంచి అవతలే వెళ్లిపోయారట. ఇస్త్రీ చొక్కాలన్నీ సంచులు భుజానికేసుకుని ఇళ్లకు తిరిగాయి. మేస్త్రి నా దగ్గరికొచ్చి "ఏం సారూ, పైకప్పు?" అన్నాడు. తొమ్మిదొందలే అన్నాడు, ఒంటిపూటకు. నేను మాట్లాడలేదు. నాలుక తిరిగితే కదా బేరమాడడానికి. పెద్దమ్మకు కూడా ఆరొందలూ ఇచ్చాను.

సాయంత్రానికి ఫోటో వచ్చేసింది. "నిరుపేద కూలీకి స్వయంగా తినిపించిన జననేత" అని పైన పెద్దక్షరాలు. మొదట మా సెకండియర్ పిల్లల గ్రూపులో. "సార్, మీరు టెండూల్కర్ లైన్‌కు పైనా, కిందా?" అని ఒకడు. పాఠం విన్నవాడు ఒకడైనా ఉన్నాడు. "పెండ్లి ఫోటోలో కూడా ఇంత నోరు తెరవల్యా మీరు" అని మా ఆవిడ. రాత్రి తొమ్మిదికి మా కరస్పాండెంట్ ఫోను.

"జ్వరమని మెసేజ్ పెట్టినావు కదా?"

"అవును సార్."

"అడ్మిషన్లకు తిరిగేది మీ మొహాలు చూపించే కదయ్యా. మన లెక్చరర్లు కూలీల మాదిరి ఉన్నారని ఊరంతా అనుకుంటే ఫీజులెవరు కడతారు?"

జీతం సంగతి నోటిదాకా వచ్చింది. నోరు బాగా లేదు, ఊరుకున్నాను.

"అయినా జ్వరమొచ్చినోడు బజ్జీ తింటాడా?"

"తినలేదు సార్" అన్నాను. "నమలద్దన్నారు."