దిండుకో దండం

మోకాలి మార్పిడిలో సర్జన్ పాత్రను మనవాళ్లు అనవసరంగా పెద్దది చేస్తారు. ఆయన చేసేదెంత? అరిగిన ఎముక చివరలు కోసి, పైన లోహపు తొడుగు, కింద లోహపు పళ్లెం, మధ్యలో ప్లాస్టిక్ బిళ్ల అమర్చి, కాలు 0 డిగ్రీలకు, అంటే కర్రలా తిన్నగా, చాపుకుంటోందో లేదో చూసుకుని కుట్లేస్తాడు. ఆ 0ను 15 చేసి చూపించే అసలు నిపుణులు ఇంటి దగ్గర కాచుకుని ఉంటారు. వాళ్ల పనిముట్టు ఒక్కటే. దిండు.

"అయ్యో వదినా, కాలు అలా వట్టి పరుపు మీద పడేశారేంటి?" అంటూ మొదటి పరామర్శ మోకాలి కింద ఒక దిండు దూరుస్తుంది. వదిన మొహం వికసిస్తుంది. వికసించక ఏం చేస్తుంది? వాచిన కీలులో నీరు చేరి ఉంటుంది, కాస్త వంచి ఉంచితే ఆ నీటికి లోపల చోటు ఎక్కువ, ఒత్తిడి తక్కువ. ఆ ఘనత దిండు పెట్టినవారి ఖాతాలో పడుతుంది. రెండో పరామర్శకు ఆ దిండు పల్చగా తోస్తుంది, ఇంకొకటి పడుతుంది. మూడో ఆయన అనుభవజ్ఞుడు, ఏకంగా బాలీసు తెస్తాడు. సాయంత్రానికి మోకాలు కొండెక్కి కూర్చుంటుంది, మడమ అవతల లోయలో ఉంటుంది.

ఇంతలో ఫిజియోథెరపిస్ట్ అనే దయలేనివాడు వస్తాడు. కొండను కూలదోసి, తువ్వాలు చుట్టి మడమ కింద పెట్టి, మోకాలి వెనక ఏ ఆధారమూ లేకుండా వదిలేస్తాడు. 10 నిమిషాలు అలాగే, రోజుకు మూడు నాలుగు సార్లు. పైగా తొడ బిగించి మోకాలిని కిందికి నొక్కాలట, 5 సెకన్లు పట్టి వదలాలట, అలా 10 సార్లు. ఇంటిల్లిపాదీ అతణ్ని హంతకుణ్ని చూసినట్టు చూస్తారు. అతను గుమ్మంలో చెప్పులు తొడుక్కునే లోపు దిండ్లు యథాస్థానం చేరతాయి.

"వాపు తగ్గాలంటే ఎత్తులో పెట్టమన్నారుగా!" అని ఒకరు పాయింటు లాగుతారు. పెట్టమన్నది కాలిని బాబాయ్, మోకాలిని కాదు. పిక్క నుంచి మడమ దాకా దిండ్లు, పాదం గుండె కన్నా ఎత్తులో, మోకాలు తిన్నగా. ఐస్ ప్యాక్ గుడ్డలో చుట్టి 15–20 నిమిషాలు. ఇంతే, కానీ ఇందులో ఆప్యాయత ఎక్కడుంది?

ఫోన్లో అందరూ అడిగేదీ ఒకటే: "ఎంత వంగుతోంది?" 90 దాటితే కుర్చీలోంచి లేవడం తేలికే, కాదనను. వంగడం నెలల తరబడి మెరుగవుతూ పోతుంది కూడా. ఎంత చాపుకుంటోందని మాత్రం ఒక్కరూ అడగరు. మొదటి 6 వారాల్లో కీలు వెనకున్న పొర, తొడ వెనక కండరాలు కురచగా కుదురుకున్నాయంటే తర్వాత వాటిని సాగదీయడం బ్రహ్మప్రళయం. తిన్నగా ఉన్న మోకాలు తాళం వేసినట్టు మనిషిని ఊరికే మోస్తుంది. వంగి ఉన్నది అడుగడుగుకీ తొడ కండరం దగ్గర కూలి వసూలు చేస్తుంది. ఆపైన కుంటినడక, ఆ వెనకే నడుంనొప్పి.

వ్యాయామానికి అరగంట ముందు వేసుకోమన్న నొప్పి మాత్రను "కిడ్నీలు పాడవుతాయి" అని దాచేస్తారు. రాసిచ్చిన డాక్టరుకు కిడ్నీలుంటాయని తెలియదు పాపం. మాత్ర లేక నొప్పి, నొప్పి వల్ల వ్యాయామం బంద్, వ్యాయామం లేక బిగుసుకుపోయిన కాలు. దీనికి ప్రేమని పేరు! ప్రేమ కాదండీ, ఇంకొకరు మూలుగుతుంటే పది నిమిషాలు కూర్చోలేని మన పిరికితనం. ఇక ఒక్క పిక్కే వాచి, బిగిసి, ముట్టుకుంటే నొప్పంటే మర్దనకు చేతులు చాచేవాళ్లున్నారే, వాళ్ల చేతులు ముందు పట్టుకోవాలి! అది సిరలో గడ్డకట్టిన రక్తం కావచ్చు. ఊడివచ్చి ఊపిరితిత్తుల్లో అడ్డుపడితే మనిషి పోతాడు. వెంటనే డాక్టరుకు చూపించాలి. ఆయాసమో ఛాతీనొప్పో తోడైతే ఇక ఎవరి సలహా కోసమూ ఆగొద్దు, నేరుగా ఎమర్జెన్సీకే. "మంచం దిగకుండా విశ్రాంతి తీసుకో" అన్నవాళ్లు అప్పుడు కనబడరు. గంటకోసారి పాదాలు పైకీ కిందికీ ఆడించమని, వాకర్ పట్టుకుని లేచి నాలుగడుగులు వేయమని చెప్పింది ఇందుకే కదా!

మూడో నెల చెకప్‌లో పేషెంటును బల్ల మీద వెల్లకిలా పడుకోబెడతారు. మోకాలి వెనక పిడికిలి పట్టేంత ఖాళీ. సర్జన్ కొలుస్తాడు: 15. "ఆపరేషన్ ఫెయిలైనట్టుంది," అని గొణుగుతూ వెంట వచ్చిన బాబాయిగారు ఆ ఖాళీ వైపు జాలిగా చూసి, గది నాలుగు మూలలా వెతుకుతారు. దిండు కోసం.