సలహా ఇవ్వకుండా ఎలా ఉంటామండీ?

తెలుగు కుటుంబాలకు కౌన్సెలింగ్ అలవాటు లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఎంసెట్ కౌన్సెలింగ్ మొహం చూడని ఇల్లుందా? దాని పేరు ఈఏపీసెట్‌గా మారినా మనం మాత్రం మారలేదు. అది కాకపోతే పోలీసుల కౌన్సెలింగ్ ఉండనే ఉంది. తాగి బండి నడిపినా, ఆడపిల్లల వెంటపడి షీ టీమ్స్‌కి దొరికినా కౌన్సెలింగే. కుర్రాడు మైనరైతే తల్లిదండ్రుల్ని కూడా పిలిపించి పక్కనే కూర్చోబెడతారు. పిల్లాడి చేతికి బండి తాళాలిచ్చిన పాపానికి తండ్రికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడేలా 2019లో చట్టమే మార్చారు. తల్లిదండ్రుల మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం ఇంతకంటే ఏం చేయగలదు?

అందుకే మా ఆవిడ "ఒకసారి కౌన్సెలింగ్‌కి వెళ్దామండీ" అన్నప్పుడు నేను అడిగిన మొదటి ప్రశ్న, "ఏం చేశాడు వీడు?"

"ఏమీ చేయడం లేదు. అదే కదా" అంది.

మా వాడికి పంతొమ్మిదేళ్లు. రెండోసారి రాసిన ఎంట్రన్సులో కూడా ర్యాంకు రాలేదు. ఆర్నెల్లుగా గది తలుపు వేసే ఉంటుంది. కంచం గుమ్మం దగ్గర పెడితే కాసేపటికి ఖాళీ కంచం అక్కడే ఉంటుంది. ఎవరైనా అడిగితే "ప్రిపేర్ అవుతున్నాడండీ" అంటాం. తెలుగువాళ్లు కనిపెట్టిన మాటల్లో ఇంత పనికొచ్చేది ఇంకోటి లేదు. దేనికని ఎవరూ అడగరు, ఎన్నాళ్లని అసలే అడగరు. గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం జుట్టు నెరిసేదాకా ప్రిపేర్ అయ్యే రాష్ట్రాలు మనవి. ఆ గుంపులో మా వాడొకడు కలిస్తే ఎవరికి తెలుస్తుంది?

తలుపు బయట నిలబడి "డాక్టర్ దగ్గరికి వెళ్దాం రా" అంటే, లోపలినుంచి "ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికా?" అని వినపడింది. నాకు కోపం వచ్చింది. ఎవడు నేర్పాడు వీడికి ఇలాంటి మాటలు అనుకున్నాను. చిన్నప్పుడు అన్నం తినకపోయినా, హోంవర్క్ చేయకపోయినా "ఎర్రగడ్డలో పడేస్తా" అని ఎవరు బెదిరించారో తర్వాత గుర్తొచ్చింది. అయినా అది వేరే విషయం.

వాడు రాలేదు కాబట్టి మేమిద్దరమే వెళ్లాం. కౌన్సెలర్ గంటకి పదిహేను వందలు తీసుకుంటుంది. ఆ గంటలో యాభై నిమిషాలే ఉంటాయి. మిగతా పది నిమిషాలు ఏమయ్యాయని అడగబోతే మా ఆవిడ కాలు తొక్కింది. సమస్య వాడిదైతే ప్రశ్నలన్నీ నన్నే అడగడం ఏమిటో నాకు అంతుబట్టలేదు. "మీ అబ్బాయి ఆఖరుసారి ఎప్పుడు నవ్వాడు?" అంది. టకీమని చెప్పాను: "టెన్త్‌లో పదికి పది జీపీఏ వచ్చిన రోజు." ఆవిడ కాసేపు నా వంక చూసి, "ఆ రోజు నవ్వింది మీరేమో, ఒకసారి ఆలోచించండి" అంది. పదిహేను వందలిచ్చి నేను కొనుక్కున్న మాట ఇది. బిల్లు ఇన్సూరెన్స్‌కి పెట్టుకోవచ్చేమో కనుక్కుందామంది మా ఆవిడ. 2017 నాటి చట్టం ప్రకారం మనసు జబ్బుకీ ఒంటి జబ్బుకీ బీమాలో తేడా చూపకూడదట. నేనే వద్దన్నాను. రికార్డులోకి ఎక్కితే రేపు సంబంధాలప్పుడు?

మేం వచ్చేస్తుంటే కౌన్సెలర్ ఒక చీటీ ఇచ్చింది. తల్లిదండ్రుల సపోర్ట్ గ్రూపు, నెలలో రెండో ఆదివారం, కూకట్‌పల్లిలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్ పైన హాలు.

తెలుగు జాతి ఏకమై ఈ గ్రూపుల్ని ఎందుకు వ్యతిరేకించాలో ఇప్పుడు చెప్తాను. గుండ్రంగా ప్లాస్టిక్ కుర్చీలు, మధ్యలో టీపాయ్, దాని మీద టిష్యూల డబ్బా. దాంట్లోవి అందరం ఉస్మానియా బిస్కెట్లు పెట్టుకోవడానికి వాడాం. నడిపించే మేడమ్ రెండు నియమాలు చెప్పింది. ఒకటి, పేరు చాలు, ఇంటిపేరు వద్దు. ఇంకోటి, ఎవరైనా మాట్లాడుతుంటే వినాలి, సలహా ఇవ్వకూడదు.

ఇంటిపేరు లేకుండా మనిషిని ఎలా గుర్తుపడతామండీ? నా పక్కాయన ఐదు నిమిషాలు ఓర్చుకుని, "మీదేవూరు?" అన్నాడు. చెప్పాను. "ఆ ఊళ్లో ఏ వీధి?" అదీ చెప్పాను. "అయితే మీరు మనవాళ్లే" అని కుర్చీ దగ్గరకు జరుపుకున్నాడు. నియమం చెక్కుచెదరలేదు. ఇంటిపేరు ఎవరూ అడగలేదు.

రెండో నియమం మాత్రం పూర్తిగా అమానుషం. ఒకాయన "మా వాడు తాగుతాడండీ" అని మొదలుపెట్టాడో లేదో, ఎడమవైపు నుంచి వచ్చింది: "పెళ్లి చేసేయండి, అన్నీ సర్దుకుంటాయి."

"పెళ్లయిందండీ."

"అయితే ఓ నలుసు పడితే..."

"ఇద్దరు పిల్లలండీ."

హాలంతా ఇబ్బందిగా కదిలింది. ఆ తర్వాత ఇవ్వడానికి మన దగ్గర మందు లేదు.

మేడమ్ చెయ్యెత్తి అందర్నీ ఆపింది. 1951లో అమెరికాలో తాగేవాళ్ల కుటుంబాల కోసం ఆల్-అనాన్ అనే సంఘం పుట్టిందట. అక్కడివాళ్లు మూడు మాటలు చెప్పుకుంటారట: దీనికి కారణం నేను కాదు, దీన్ని అదుపు చేయడం నా వల్ల కాదు, నయం చేయడమూ నా వల్ల కాదు. మొదటిదానికి మగవాళ్లందరం తలలూపాం. కారణం మేం కాదు, వాళ్లమ్మ గారాబం. రెండో మాట దగ్గర, అదుపు చేయలేకపోతే ఇక తండ్రెందుకని ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టర్ గారు లేచి నిలబడ్డారు. మూడోదానికి వచ్చేసరికి నా పక్కాయన జేబులోంచి చీటీ తీసి, వాళ్ల బావమరిదికి తెలిసిన హోమియో డాక్టర్ నంబరు అటునుంచి ఇటు పంపించడం మొదలుపెట్టాడు. చిలుకూరులో పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకోమని, పని అయ్యాక నూట ఎనిమిది మర్చిపోవద్దని ఇంకొకావిడ. అందరూ మంచి మనసుతోనే చెప్తున్నారు. చచ్చేదీ అక్కడే.

డాలస్‌లో కొడుకున్న దంపతులు కూడా వచ్చారు. వాళ్లను చూస్తే నాకు కాస్త అసూయ. కొడుకు మాట్లాడకపోయినా "అక్కడ ఇప్పుడు అర్ధరాత్రి కదండీ" అనడానికి వాళ్లకు వీలుంది. మా వాడి గదికీ హాలుకీ టైమ్ ఒకటే.

చివర్లో ఒకావిడ, అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడనావిడ, ఒడిలో సంచీ సర్దుకుంటూ అంది: "మా పాప నన్ను ఫోన్‌లో బ్లాక్ చేసింది. వాళ్ల నాన్నకు తెలీదు. ఆయనకు గుండె బాలేదు. రోజూ మాట్లాడినట్టే చెప్తుంటాను. ఏం కూర వండుకుందో కూడా చెప్తాను."

ఎవరూ ఏమీ అనలేదు. హెడ్‌మాస్టర్ గారు కూడా. ఫ్యాన్ చప్పుడు వినపడింది. ముప్పై, నలభై సెకన్లు పోయుంటాయి. తెలుగువాళ్లు పదహారు మంది ఒక చోట కూర్చుని, ఒకరి కష్టం విని, సలహా ఇవ్వకుండా ఉన్నారు. మన సంస్కృతికి ఎంత ముప్పు పొంచి ఉందో నాకు అప్పుడు అర్థమైంది.

అప్పుడెవరో మెల్లగా అడిగారు. "ఇవాళ ఏం కూర చెప్పారండీ?"

"దొండకాయ వేపుడు."

ముందు ఆవిడే నవ్వింది.

కిందికి దిగుతుంటే మా ఆవిడ నోరు విప్పింది. నెల కిందటే 14416కి ఫోన్ చేసిందట. 2022 అక్టోబరులో కేంద్రం పెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. నేను చూశాను ఆ రోజు. బాల్కనీలో బట్టల మధ్య నిలబడి మాట్లాడుతుంటే చెల్లెలితో అనుకున్నాను. చెల్లెలితో అంత మెల్లగా ఎప్పుడూ మాట్లాడదని నాకు తట్టలేదు.

బండి తీస్తుంటే ఎదురుగా ఒక హెల్మెట్ ఆగిపోయింది. మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తాయన. ఆలస్యమై లోపలికి పరుగెత్తుకొస్తున్నాడు. అసోసియేషన్ సెక్రటరీ. వాళ్లబ్బాయి బెంగళూరులో ఉద్యోగమని పండక్కి మైకులో చెప్పించుకున్న మనిషి. నేను డయాగ్నస్టిక్ సెంటర్ బోర్డు వంక చూసి "షుగర్ టెస్టండీ" అన్నాను. ఆయన "నాకు థైరాయిడ్" అన్నాడు. ఆదివారం సాయంత్రం ఐదు గంటలకు.

మర్నాడు లిఫ్టులో ఇద్దరమే. మూడు నేను నొక్కాను, ఐదు ఆయన నొక్కాడు.

"బాబు ఏం చేస్తున్నాడండీ?" అన్నాడు.

"ప్రిపేర్ అవుతున్నాడండీ. మీవాడు?"

"వాడూ అంతే."

మూడో అంతస్తులో తలుపు తెరుచుకుంది. ఆయన దిగలేదు. మళ్లీ మూసుకుంది. ఐదో అంతస్తు దాకా నాతో వచ్చి, నేను దిగాక తనూ దిగి, చెప్పులు ఈడ్చుకుంటూ మెట్ల మీదుగా కిందికి వెళ్లాడు.