క్రిస్మస్ పంపిణీ ఫోటోలు పంపట్లేదు, ఎందుకో చెప్తా వినండి

డిసెంబర్ మొదటి వారం దాటిందో లేదో ఊరి నుంచి కానుకలు పంపేవాళ్ళ మెసేజ్‌లతో వాట్సాప్ మోగడం మొదలు. "అయ్యగారూ వందనాలు, ఈసారి అక్కడ పంపిణీ ఎప్పుడు, ఎంతమందికి, ఫోటోలు కొంచెం క్లియర్‌గా తీయించండి, బ్యానర్ కనపడాలి." పోయినేడాది ఒకాయన ఏకంగా బ్యానరే డిజైన్ చేసి పంపాడు. ఒక పక్క నా ఫోటో, ఇంకో పక్క నాకంటే కాస్త పెద్దగా ఆయన ఫోటో, మూలకి ఎక్కడో పశువులపాక. నవ్వుకుని వదిలేశా. ఈసారి మాత్రం వదలబుద్ధి కావట్లేదు, అందుకే ఇంత పొడుగు పోస్టు. ఓపికుంటే చదవండి.

తెలియనివాళ్ళకి, మాది ఒంగోలు, నేను సౌత్ ఆఫ్రికాలో డర్బన్ దగ్గర పరిచర్యలో ఉన్నా. పిల్లల చదువుల వల్ల ఇంటావిడ, పిల్లలు ఊళ్ళోనే ఉన్నారు, కాబట్టి పండగంటే నాకు ఇక్కడి ఫ్రెండ్సే. ఇక్కడ డిసెంబర్ నడివేసవి. స్వెట్టర్లు, మంచు తర్వాత సంగతి, ఎనిమిదింటికి ఆరాధన మొదలైతే రెండో పాటకల్లా చొక్కా వీపుకి అతుక్కుపోతుంది. రోడ్డు పక్కన లిచీ పళ్ళు గుత్తులు గుత్తులుగా అమ్ముతుంటారు. మన దగ్గర నెలంతా సెమీ క్రిస్మస్‌లు చేసీ చేసీ అసలు పండగ రోజుకి గొంతులు పోతాయి కదా, ఇక్కడ ఆ గోల లేదు, నిజం చెప్పాలంటే ఆ విషయంలో నాకు హాయిగానే ఉంది.

సరే అసలు విషయానికొస్తా. నేను పనిచేసేది ఫీనిక్స్‌లో. తెల్లోళ్ళ ప్రభుత్వం ఉన్న రోజుల్లో ఇండియన్స్‌ని తీసుకొచ్చి పెట్టిన టౌన్‌షిప్ అది. ఆనుకునే ఇనాండా, అక్కడ ఎక్కువమంది జులూ వాళ్ళు, అంటే ఇక్కడి ఆఫ్రికన్లు. 2021 జూలైలో ఇక్కడి మాజీ అధ్యక్షుడు జుమాని జైల్లో పెట్టినప్పుడు అల్లర్లు, లూటీలు జరిగాయి గుర్తుందా, అప్పుడు ఫీనిక్స్‌లో జనం రోడ్లకి అడ్డం పెట్టి కాపలా కాశారు, తుపాకులు పేలాయి, 30 మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది ఆఫ్రికన్లే. ఎవరిది తప్పు అన్న దాని మీద ఈ రోజుకీ రెండు పక్కలా రెండు కథలు ఉన్నాయి. ఇప్పుడు చెప్పండి, అలాంటి చోట ఒక ఇండియన్ పాస్టర్ బ్యానర్ ముందు నిలబడి జులూ పిల్లాడి చేతిలో బ్యాగు పెడుతూ కెమెరా వైపు చూసి నవ్వితే ఎలా ఉంటుంది? షాపు కౌంటర్ వెనకాల ఎప్పుడూ ఇండియనే, ముందు చెయ్యి చాపేది ఎప్పుడూ ఆఫ్రికనే అన్న పాత కోపం ఒకటి ఇక్కడ ఉండనే ఉంది, దానికి నేను ఫ్రేము కట్టి మరీ మీకు పంపాలా?

నేను పండగ రోజు ఏం చేశానంటే, తిన్నా. అవును, రెండిళ్ళలో కూర్చుని కడుపు నిండా తిన్నా.

ఆరాధన అయ్యాక ఫీనిక్స్‌లోనే ఒక ఆంటీ వాళ్ళింటికి వెళ్ళా. పేరు చివర నాయుడు ఉంటుంది గానీ తెలుగు మాట్లాడ్డం రాదు, ఆమె ముత్తాత వాళ్ళు మద్రాసులో ఓడెక్కి చెరకు తోటల్లో పనికి వచ్చినవాళ్ళు. కానీ నాయనమ్మ పాడిన కీర్తనలు ఇంగ్లీష్ అక్షరాల్లో రాసుకున్న నోట్‌బుక్ ఒకటి ఉంది, అంచులకి నూనె మరకలు. అన్నాల ముందు అది తీసి పాడింది. మా ఒంగోల్లో గొంతు దించే చోట వీళ్ళు లేపుతారు, నేను దించా, ఆమె లేపింది, ఆమెదే కరెక్టేమో అనిపించి నేనూ లేపా. బిర్యానీలో పొట్టు తీయని మసూర్ పప్పు వేస్తారు ఇక్కడ. హైదరాబాద్ వాళ్ళు చూస్తే కేసు పెడతారు గానీ బానే ఉంటుంది.

మధ్యాహ్నం ఇనాండాలో నా ఫ్రెండు వాళ్ళింటికి వెళ్ళాలి, ఆయనా పాస్టరే, జులూ. ఆంటీ వాళ్ళింటి అంకుల్ నన్ను కార్లో దింపుతానన్నాడు. ఆ అల్లర్ల తర్వాత ఆయన ఆ రోడ్డు దాటలేదు, దూరమా అంటే పది నిమిషాలు. గేటు దగ్గర నన్ను దింపి ఇంజన్ ఆపకుండా కూర్చున్నాడు. లోపల్నుంచి గోగో, అంటే ఫ్రెండు వాళ్ళ అవ్వ, కర్ర పట్టుకుని నడుచుకుంటూ వచ్చి కారు కిటికీ మీద రెండు దెబ్బలు కొట్టింది. ఆయన దిగాడు. ఇంక ప్లేటులో అన్నం, చికెన్, బీట్‌రూట్, గుమ్మడికాయ, పాలకూర, క్యాబేజీ, బంగాళదుంప, సెవెన్ కలర్స్ అంటారు దాన్ని. ఇంట్లో కాచిన జింజర్ బీరు, అంటే అల్లం పానకం లాంటిది, పైన ఎండుద్రాక్షలు తేలుతూ. జోహన్నెస్‌బర్గ్‌లో పనిచేసే కొడుకులు, కోడళ్ళు అందరూ దిగారు, పిల్లలు కొత్త బట్టలు వేసుకుని ఇంటింటికీ తిరిగి చూపించుకుంటున్నారు, అచ్చం మన ఊళ్ళో లాగే. ఆంటీ ఐస్‌క్రీం డబ్బాలో బిర్యానీ పెట్టి పంపింది. మన ఇళ్ళల్లో గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వరు కదా, గోగో కూడా ఇవ్వలేదు, ఆ డబ్బా నిండా ఉజేకే కుక్కి ఇచ్చింది, ఆవిరి మీద ఉడికించే రొట్టె. అంకుల్ అది ఒళ్ళో పెట్టుకుని ఇంకో గంట కూర్చున్నాడు. ఏం మాట్లాడారంటారా, ఫుట్‌బాలు.

ఆ గంటలో నేను ఫోన్ తీసి "అందరూ ఇటు చూడండి" అని ఉంటే ఏమయ్యేది? అంకుల్ లేచి కార్లో కూర్చునేవాడు.

కొందరంటారు, ఫోటో లేకపోతే కానుకలు ఇచ్చినవాళ్ళకి నమ్మకం ఎలా అని. సరే. 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్య గారు ఇదే నాటాల్‌కి, అంటే డర్బన్ ఉన్న ఈ ప్రాంతానికే వచ్చారు, డర్బన్ నుంచి గంట ప్రయాణంలో కియర్స్నీ టీ తోట ఉండేది, అక్కడ తెలుగు కూలీల మధ్య పనిచేశారు. పంపింది అమెరికా దొరలు కాదు, తెలుగు బాప్టిస్టులే తమ కానుకలతో పంపారు. 1915లో చనిపోయేదాకా ఇక్కడి పనిలోనే ఉన్నారు. ఆయన్ని ఎవరైనా బ్యానర్ అడిగారా? ఉత్తరం రాస్తే ఓడలో వెళ్ళేది, మన పెద్దవాళ్ళు అదే చదువుకుని మళ్ళీ కానుక పట్టేవాళ్ళు.

ఇంకొంచెం వెనక్కి వెళ్దాం, మా ఒంగోలు సంగతే. 1876-78 కరువులో అమెరికన్ మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలీ ఇప్పించాడు. ఆ పని, ఆ సాయం నడుస్తున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. కూడు కోసం వచ్చారన్న మాట రాకూడదని. అదంతా ముగిశాక 1878 జూలైలో గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మనవాళ్ళు ఆ 2,222 మాత్రం ప్రతి సభలో చెప్తారు, దాని ముందు నెలల తరబడి ఆగిన సంగతి చెప్పరు. సాయాన్నీ తలల లెక్కనీ కలపకూడదని ఆయనకి అప్పుడే తెలుసు, మనకి స్మార్ట్‌ఫోన్లు వచ్చాక మర్చిపోయాం. సాయం కోసం మతం మారారని, పాలపొడి క్రైస్తవులని ఎవడో అంటే మనకి ఒళ్ళు మండుతుంది, మళ్ళీ పాలపొడి డబ్బాతో ఫోటో దిగి మనమే పెట్టుకుంటాం!

అయితే అసలు ఇవ్వొద్దా అని కామెంట్ పెట్టకండి. ఇవ్వాలి. కానీ అవసరం ఉండేది డిసెంబర్ 25న కాదు. ఇక్కడ స్కూళ్ళు జనవరిలో తెరుస్తారు, పండగకి డబ్బులన్నీ అయిపోయి ఉంటాయి, యూనిఫాం, నల్ల బూట్లు, నోట్‌బుక్కులు కొనాలి, ఇళ్ళల్లో అప్పుడు నలుగుతారు. మీరు పంపింది నేను ఇనాండా సంఘం పెద్దల చేతికి ఇస్తా, ఏ పిల్లకి ఏం కావాలో వాళ్ళకి తెలుసు, షాపు బిల్లులు మీకు పంపిస్తా. పైసాతో సహా లెక్క ఉంటుంది, మొహాలు ఉండవు.

కమిటీలో ఉన్న అన్నయ్యలు ఇది చదువుతారని నాకు తెలుసు. మీ రిపోర్టు ఫారంలో "ఎంతమందికి పంచారు" అని ఒక గడి ఉంది కదా, దాని కింద "ఎవరింట్లో భోంచేశారు" అని ఇంకోటి పెట్టించండి, అది నింపి పంపిస్తా. కుదరదంటే ఫోన్ చేయండి, ఇక్కడికీ అక్కడికీ మూడున్నర గంటలు తేడా, మీ రాత్రి పదింటికైనా నేను మెలకువగానే ఉంటా.