లేక్ మీడ్ గట్టు మీది తెల్లచారకి, కనిగిరి పక్కనుంచి ఒక ఉత్తరం

అమ్మా తెల్లచారా,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. కానీ నువ్వు పెరుగుతున్నావంటే సరస్సు తరుగుతోందని అర్థం, నేను కుశలమంటే ఇవాళ టాంకరు వచ్చిందని అర్థం, కాబట్టి ఆ మాట వదిలేద్దాం.

నేనెవరో నీకు గుర్తుండకపోవచ్చు. మా అమ్మాయి పురిటికని లాస్ వేగాస్ వచ్చి ఆరు నెలలు ఉన్నదాన్ని. కొలరాడో నదికి అడ్డంగా కట్టి మీ లేక్ మీడ్ సరస్సుని నిలబెట్టిన ఆ హూవర్ డ్యామ్ మీద అందరూ ఫోన్లు పైకెత్తి డ్యామును ఫోటోలు తీసుకుంటుంటే, చీర మీద స్వెట్టరు వేసుకుని, పిట్టగోడ పట్టుకుని, అవతల రాళ్ళ మీద, నీళ్ళు దిగిపోయిన మేరా సున్నంలా మిగిలిన నిన్ను చూసి "దీన్నెవరూ చింతపండు పెట్టి తోమరా?" అన్నానే, ఆ మనిషిని. అల్లుడుగారు నవ్వారు. "అత్తయ్యా, అది 150 అడుగుల పైన ఉంటుంది" అన్నారు. ఎంతుంటే ఏం, గార గారే కదా.

నిన్ను చూడగానే పోల్చుకున్నాను, ఎందుకంటే నీ చెల్లెళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. ఒకతి స్టీలు బిందెలో మెడ కింద ఉంటుంది, గోటితో గీకితే పొట్టులా లేస్తుంది. ఇంకొకతి వాకిట్లో నీలం డ్రమ్ములో. గీజరులో ఉన్నది చాలా ఖరీదైనది, రెండుసార్లు కాయిల్ మార్పించింది. అసలు మా అమ్మాయి ఇంట్లో దిగిన మొదటి రోజే కాఫీకని కెటిల్ మూత తీస్తే అడుగున అదే తెల్లపొర కనిపించింది, పద్నాలుగు వేల కిలోమీటర్లు దాటొచ్చినా ఈ సున్నం నన్ను వదల్లేదే అని కాసేపు నవ్వుకున్నాను. మా అమ్మాయి దానికి వెనిగర్ పోస్తుంది. నేను చింతపండే. ఈ విషయంలో మా ఇద్దరికీ ఇప్పటికీ పడదు.

సరే, అసలు సంగతికొస్తాను. నీ మీద నాకు కాస్త అసూయగా ఉంది.

నువ్వు ఒక్క ఏడాది కాస్త పొడుగైతే ప్రపంచం మొత్తానికి వార్త. 2022 వేసవిలో సరస్సు నాలుగో వంతుకి కొంచెం పైన ఉందంటే, మునిగిపోయిన పడవలు బయటపడితే, ఎప్పుడో తుపాకీతో కాల్చి పీపాలో కుక్కిన మనిషి శవం దొరికితే, టీవీల వాళ్ళు నీ ముందు నిలబడి మాట్లాడారు. మాకు వేసవిలో చెరువు అడుగు బయటపడితే ఇసుక ట్రాక్టర్లు తప్ప ఎవరూ రారు.

పైగా మీ దగ్గర లెక్కలు. ఆ లెక్కలు చూసి నాకు మతిపోయింది. సరస్సు నిండితే సముద్రమట్టానికి 1,229 అడుగుల ఎత్తు. 1,075 కిందకి దిగితే ఎవరెవరికి ఎంత కోతో 2007లోనే కూర్చుని రాసిపెట్టుకున్నారట. 2021 ఆగస్టులో రాబోయే ఏడాదికి మట్టం దానికి దిగువనే ఉంటుందని తేలింది, కోత ప్రకటించారు, అంతే. 895కి దిగితే చుక్క కూడా డ్యాము దాటి పోదు, దానికీ ఒక పేరు పెట్టుకున్నారు, డెడ్ పూల్ అని. చచ్చాక పెట్టే పేరు కూడా ముందే పెట్టుకున్న జాతిని అక్కడే చూశాను. మా దగ్గర కోతకి మట్టం ఏమిటో తెలుసా? టాంకరు డ్రైవరు ఫోన్ ఎత్తకపోవడం.

నవ్వొచ్చేది ఏంటంటే, మీది ఎడారి. వేగాస్‌లో ఏడాదంతా కలిపి పడే వాన నాలుగు అంగుళాలు, అంటే 100 మిల్లీమీటర్ల చిల్లర. మా ఉమ్మడి ప్రకాశం జిల్లా సగటు 800 పైమాటే. పడమటి మండలాల్లో అంత పడదు, ఒప్పుకుంటాను, అయినా మీకంటే ఎన్నో రెట్లు. మరి ఎడారిలో ఉన్న మా అమ్మాయి ఇంట్లో అర్ధరాత్రి లేచి కొళాయి తిప్పినా నీళ్ళు వస్తాయి, ఎడారి కాని ఊళ్ళో ఉన్న నేను ఇరవై లీటర్ల టిన్ను కొనుక్కుంటాను. మా అమ్మాయి వీధిలో స్ప్రింక్లరు నీళ్ళు రోడ్డు మీదకి పారితే జరిమానా. ముంగిట్లో గడ్డి పీకేస్తే చదరపు అడుగుకి ఇంత అని ఎదురు డబ్బులిస్తారు, మన దగ్గర ఉపాధి హామీలో కూడా ఇంత బాగా ఇవ్వరు. ఉత్త అందానికి పెంచే, ఎవరూ తొక్కని గడ్డికి 2027 నుంచి నది నీళ్ళు పెట్టనే కూడదని చట్టం చేశారు. ఇంట్లో వాడిన నీళ్ళు దాదాపు అన్నీ శుద్ధి చేసి మళ్ళీ సరస్సులోకే పంపుతారు. ఇది విన్నాక మూడు రోజులు నేను ఆ నీళ్ళు తాగలేదు. తర్వాత మా ఊరి బావి గుర్తొచ్చి తాగాను.

ఇంతా చేసి ఆ నెవాడా రాష్ట్రానికి నది నుంచి వచ్చే వాటా ఏడాదికి మూడు లక్షల ఎకరా అడుగులు. మన లెక్కలో 13 టీఎంసీలు. నెల్లూరు జిల్లా కండలేరు మీదుగా తెలుగుగంగలో మద్రాసుకి పంపాల్సినది 12. అంటే ఆ జూదపు మేడలూ, రాత్రిపూట పాటకి ఎగిరే ఆ ఫౌంటెన్లూ, మా మనవరాలి స్నానం, అన్నీ కలిపి దాదాపు మనం మద్రాసుకి రాసిచ్చినంత.

అయితే అమ్మా, నీ వాళ్ళని మరీ అంత పొగడను. అసలు నువ్వు పుట్టడానికి కారణం కరువు ఒక్కటే కాదు కదా. 1922లో ఏడు రాష్ట్రాల పెద్దలు కూర్చుని నదిని పంచుకున్నారు. అంతకుముందు కొన్నేళ్ళు నీళ్ళు బాగా వచ్చాయి, అదే నది అసలు సైజు అనుకున్నారు. ఉన్నది అరసేరు, పంచింది ముప్పాతిక సేరు. ఆ నది ఒడ్డున తరతరాలుగా ఉన్న ఆదివాసీలను ఆ బల్ల దగ్గరికి పిలవనే లేదు. ఆ నీళ్ళలో ఎక్కువ భాగం వేగాస్ తాగదు, పొలాలు తాగుతాయి, అందులోనూ పశువుల మేత. నది సముద్రందాకా పోవడం దాదాపు మానేసింది. కాగితం మీద నీళ్ళు రాసుకోవడం ఒక్క మా వాళ్ళకే వచ్చనుకున్నాను, మీరు మాకంటే సీనియర్లు.

కాగితం మాట వచ్చింది కాబట్టి మా సంగతి కూడా విను. మా వీధికి రోజూ నాలుగు ట్రిప్పులని రిజిస్టరులో ఉంటుంది, నేను లెక్కపెడితే రెండే. మిగతా రెండూ ఎటు పోతున్నాయని అడిగితే "ఎండకి ఆవిరైపోతున్నాయమ్మా" అన్నాడు టాంకరు కుర్రాడు. చదువుకున్నవాడే.

వెలిగొండ అని మాకొక ప్రాజెక్టు ఉంది. శ్రీశైలంలో వరద ఉన్న రోజుల్లో కృష్ణ నీళ్ళు నల్లమల కడుపులోంచి రెండు సొరంగాల్లో ఇటు రావాలి, ఒక్కోటి 18.8 కిలోమీటర్లు. శంకుస్థాపన 1996లో. మా అమ్మాయి పుట్టిందీ అదే ఏడు. ఇద్దరూ ఒక ఈడు వాళ్ళని మా మామగారు మురిసిపోయేవారు. అమ్మాయి బడికెళ్ళింది, ఇంజనీరింగ్ చేసింది, పెళ్ళి చేసుకుంది, అమెరికా వెళ్ళింది, బిడ్డని కూడా కన్నది. వెలిగొండ ఇంకా నెలలు నిండుతూనే ఉంది. ఒకరు రాయి వేశారు, ఒకరు తవ్వారు, ఒకరు 2024 మార్చిలో జాతికి అంకితం చేశారు. సొరంగాలు తవ్వడం అయింది, నిజమే, చిన్న పనేం కాదు. కానీ నీళ్ళు నిలవాలంటే ముంపు ఊళ్ళ వాళ్ళకి డబ్బులిచ్చి కదిలించాలి, కాలువలు పూర్తి కావాలి, నేనీ ఉత్తరం రాసేనాటికి అవి కాలేదు. 53 టీఎంసీల చిల్లర పట్టే ఆ రిజర్వాయరుకి నల్లమలసాగర్ అని పేరు మాత్రం పెట్టేశారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. నీ హూవర్ డ్యామ్ 1931లో మొదలుపెట్టి 1936కల్లా అప్పజెప్పారని అక్కడ బోర్డు మీద చదివి మా అమ్మాయి నా వంక చూసింది. నేను అటు తిరిగి కొండలు చూశాను.

అన్నిటికంటే నీ మీద అసూయ ఎక్కడంటే, నువ్వు కనపడతావు. మా అసలు జలాశయం భూమి లోపల ఉంది. దానికి గట్టు లేదు, చార లేదు. మా మరిది బత్తాయి తోటకి నాలుగు బోర్లు వేశాడు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగే ఆయన వచ్చాడు, కాయ నిలబడ్డచోటల్లా సున్నంతో గుర్తు పెట్టించాడు. మూడింటిలో తెల్లటి దుమ్ము లేచింది. నాలుగోది 900 అడుగుల్లో బొటనవేలంత ధార పోసి, రెండో వేసవికి గాలి ఊదింది. చెట్లు నరికి పొయ్యిలోకి అమ్మాడు. లోపల నీళ్ళు ఎంత దిగాయో మాకు ఏ రాయీ చెప్పదు, పైపులు చెబుతాయి, అదీ దింపాక.

ఆ నీళ్ళు గీసే చార ఒకటుంది, అది మా పళ్ళ మీద. రాతిలోంచి ఫ్లోరైడు దిగుతుంది. మా అత్తగారికి నలభై ఏళ్ళకే మోకాళ్ళు వంగలేదు. మన దేశంలో ఈ జబ్బుని మొదట గుర్తించింది 1937లో, నెల్లూరు జిల్లాలో. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు నెల్లూరులోనే ఉండేవి. నీ సరస్సులో ఇంకా నీళ్ళు నింపుతున్న రోజులు అవి, నువ్వు పుట్టనైనా లేదు. 1970లో మమ్మల్ని విడదీసి కొత్త జిల్లా చేశారు, జిల్లా పేరు మారింది, పళ్ళ రంగు మారలేదు. వేగాస్‌లో పిల్లల వార్డులో నర్సమ్మ నన్ను చూసి నవ్వితే నేను పెదాలు మూసుకునే నవ్వాను. మా ఊళ్ళో అందరం అలాగే నవ్వుతాం, సిగ్గనుకుంటారు.

ఇంటికొచ్చాక నేనొక పని చేశాను. వాకిట్లో నీలం డ్రమ్ముకి మేకుతో సగానికి ఒక గీత గీశాను, పక్కన 1,075 అని రాశాను. గీత కిందకి దిగితే బండి కడగడం బంద్. అడుగు నుంచి జానెడు మీద ఇంకో గీత, డెడ్ పూల్. అక్కడినుంచి తాగడానికీ వంటకీ తప్ప చెంబు ముంచకూడదు. మా ఆయన చూసి, అమెరికా వెళ్ళొచ్చి పిచ్చి పట్టిందన్నాడు. నిన్న పొద్దున నీళ్ళు పై గీత దిగాయి, కోత ప్రకటించాను. ఆయన స్కూటర్ తుడుచుకునే గుడ్డ చేత్తో పట్టుకుని, గీత సగానికి లేదని, నాలుగు వేళ్ళు పైకి గీశానని, మళ్ళీ కొలవాల్సిందేనని వాకిట్లో కూర్చున్నాడు.

కొలిచాను. ఆయన చెప్పిందే నిజం. అయినా గీత మార్చలేదు.

ఇట్లు,
నీ చెల్లెళ్ళని రోజూ తోమే మనిషి